ఏడు ఉత్త తొడుగులు

మా మావయ్య మూడేళ్ళపాటు మాట్లాడడం మానేశారు. అలక కాదు. అలకైతే నాకు బాగా తెలుసు. మా ఆయన అలుగుతాడు, రెండు రోజులు చూసీచూడనట్టు ఊరుకుంటే ఆకలేసి తనే దారికొస్తాడు. మావయ్యది అలాంటిది కాదు. ముందుగదిలో చెక్క కుర్చీని గోడ వైపుకి తిప్పుకుని, పొద్దున్న టీ తాగి కూర్చుంటే మళ్ళీ పడుకోవడానికే లేచేవారు. మధ్యలో భోజనానికి పిలిస్తే వచ్చి, నాలుగు ముద్దలు మింగి, వెనక్కి వెళ్ళిపోయేవారు. ఆ గోడ మీద అంత ఏముందా అని ఒకసారి నేను కూడా ఆ కుర్చీలో కూర్చుని చూశాను. ఒక మేకు ఉంది. అంతే.

ఆయన నలభై ఏళ్ళు పళ్ళు చేశారు. డాక్టర్లు రోగుల నోటి అచ్చు తీసి పంపితే, మైనంతో మలిచి, పోత పోసి, అరగదీసి, మెరుగుపెట్టి కట్టుడు పళ్ళు చేసి పంపేవారు. అందరూ ఆయన్ని పళ్ళ మేస్త్రి అనేవారు. కోడలిగా నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు ఆయన నా మొహం చూడలేదు, పళ్ళు చూశారు. "కింది వరసలో నాలుగోది కాస్త పక్కకి తిరిగింది, పర్లేదు" అన్నారు. అదే ఆశీర్వాదం అనుకున్నాను.

తర్వాత ఆయన పనిచేసే చోటికి ఒక మిషను వచ్చింది. నోట్లో చిన్న కెమెరా పెట్టి ఫొటోలు తీస్తే చాలు, నలభై నిమిషాల్లో పన్ను దానంతటదే తయారై బయటికొస్తుంది. ఆయన నలభై ఏళ్ళలో నేర్చుకున్నది దానికి నలభై నిమిషాల పని. మావయ్యకి ఒక గోడ గడియారం ఇచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపించేశారు. ఆ గడియారం కోసం మా ఆయన కొట్టిన మేకే అది. గడియారాన్ని మాత్రం మావయ్య తగిలించనివ్వలేదు.

కొన్నాళ్ళకి దవడ నొప్పి మొదలైంది. పళ్ళ డాక్టరు చూసి, "నిద్రలో పళ్ళు కొరుకుతున్నారు, మనసులో ఏదో బాధ ఉంది" అంది. ఆ తర్వాత కుడి చెంపలో కరెంటు కొట్టినట్టు పోట్లు. నరాల డాక్టరు చూసి, "చెంప నరం రేగింది, ముందు పళ్ళు కొరకడం తగ్గాలి" అన్నాడు. మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, "నొప్పి తగ్గితే దిగులు తగ్గుతుంది, దిగులు తగ్గితే నొప్పి తగ్గుతుంది" అని, రెంటిలో ముందు తగ్గాల్సింది ఏదో చెప్పకుండా మాత్రలు రాశాడు. వాటితో మావయ్యకి కాస్త నిద్ర పెరిగింది. గోడ చూసే టైము తగ్గిందని మా ఆయన సంతోషించాడు.

అలాంటప్పుడు పెద్దాసుపత్రి రెండో అంతస్తులో ఒక డాక్టరమ్మ పరిశోధన చేస్తోందని తెలిసింది. పళ్ళు కొరకడం, చెంప నరం పోటు, దిగులు, ఈ మూడింటికీ ఒకే నరంతో సంబంధం ఉందని ఆవిడ అనుమానం. పై పళ్ళకి తొడుక్కునే ఒక తొడుగు తయారుచేయించింది. అందులో చిన్న బ్యాటరీ, చిగుళ్ళకి తగిలేలా రెండు లోహపు చుక్కలు. రోజూ సాయంత్రం నలభై నిమిషాలు పెట్టుకుంటే సన్నటి కరెంటు వెళ్ళి ఆ నరాన్ని జోకొడుతుందట. ఆరేళ్ళుగా ఇదే లోకంగా ఉందని, దీనికోసం రెండుసార్లు పెళ్ళి వాయిదా వేసుకుందని అక్కడి నర్సు నాతో చెప్పింది. పెళ్ళికొడుకు ఒకడేనా అని నేను అడగలేదు.

చేరేముందు పద్దెనిమిది పేజీల కాగితాలు చదివి సంతకం పెట్టాలి. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను, సన్న అక్షరాలంటే నాకు భయం లేదు. మావయ్య కుర్చీ పక్కన స్టూలు వేసుకుని మొత్తం పైకి చదివాను. పదకొండో పేజీలో అసలు సంగతి ఉంది. తొడుగుల్లో సగం నిజమైనవి, సగం ఉత్తవి. ఉత్తవి కూడా నోట్లో పెట్టుకుంటే బుయ్యిమంటాయి గానీ కరెంటు రాదు. ఎవరికి ఏది వచ్చిందో రోగికి తెలియదు, నర్సుకి తెలియదు, ఆఖరికి డాక్టరమ్మకే తెలియదు. చివర్లో రెండు రకాలవాళ్ళనీ పోల్చి చూస్తే, తొడుగు మహిమ ఎంతో, మన నమ్మకం మహిమ ఎంతో తేలుతుంది. తొడుగు విప్పకూడదు, ఒకరిది ఇంకొకరు ముట్టుకోకూడదు, నియమం తప్పినవాళ్ళని వెంటనే తీసేస్తారు అని పద్నాలుగో పేజీలో ఉంది.

"అర్థమైందా మావయ్యా?" అన్నాను.

ఆయన మేకు మీంచి చూపు తిప్పకుండా సంతకం పెట్టారు. అర్థమైందనే అనుకున్నాను. నా మొదటి తప్పు అదే.

మాకు గురువారం కేటాయించారు. మొత్తం పద్నాలుగు మంది. ఒకదానికొకటి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు, చేపల్లేని చేపల తొట్టి, గోడ మీద దవడ బొమ్మ. ఆ గదిలో గంటసేపు కూర్చుంటే లేని దిగులు కూడా పుట్టుకొస్తుంది. ఆ తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి నర్సు తొమ్మిది ప్రశ్నలు అడుగుతుంది. ప్రశ్నని కాగితంలో ఉన్నది ఉన్నట్టే చదవాలి, గొంతులో జాలి గానీ విసుగు గానీ పలకకూడదు. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు మార్కులు.

"గత వారంలో పనుల మీద ఆసక్తి లేకపోవడం ఎన్ని రోజులు జరిగింది?" అని ఆమె చదివింది.

మావయ్య చాలాసేపు ఆలోచించి, "ఏ పనుల మీద?" అన్నారు.

"ఏవైనా."

"పనే లేదుగా."

ఆ జవాబు రాయడానికి కాగితంలో గడి లేదు. నర్సు నా వైపు చూసింది. నేను చేపల్లేని తొట్టి వైపు చూశాను.

ఎంతొచ్చిందని మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. "ఇరవై ఏడుకి ఇరవై రెండు" అన్నాను. "అబ్బో! నాన్నకి ఎప్పుడూ మంచి మార్కులే" అన్నాడు. ఈ పరీక్షలో తక్కువ వస్తేనే మంచిదని ఆయనకి వివరించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

మూడు వారాలు గడిచాయి. ఇరవై రెండు, ఇరవై రెండు, ఇరవై ఒకటి. ఆ ఒక్క మార్కు కూడా నర్సు కూడికలో పొరపాటేమోనని నా అనుమానం.

నాలుగో వారం నా స్క్రూడ్రైవరు పోయింది. కళ్ళజోడు మరలు బిగించడానికి తోలుసంచిలో ఐదు సైజులు ఉంటాయి, అందులో అన్నిటికన్నా చిన్నది. మర్నాడు భూతద్దం పోయింది. ఇల్లంతా వెతికాను, మా ఆయన్ని అనుమానించాను, దుకాణంలో కూడా ఒకరిద్దర్ని అనరాని మాటలన్నాను. శుక్రవారం సాయంత్రం ఇంటికొస్తుంటే గుమ్మంలోకే ఈల వినిపించింది. ఎవరో పాత పాట పాడుతున్నట్టు, తీరిగ్గా. ముందుగదిలో కుర్చీ ఖాళీగా ఉంది.

మావయ్య వంటగదిలో ఉన్నారు. బల్ల మీద పాత పేపరు పరిచి, కంటికి నా భూతద్దం కట్టుకుని, తన తొడుగుని రెండుగా విప్పి కూర్చున్నారు. టంకం వాసన గుప్పుమంది. ఆయన పాత పనిపెట్టె అటక మీంచి ఎలా దించారో, ఎవరి సాయంతో దించారో నాకిప్పటికీ తెలియదు.

"ఏం చేస్తున్నారు మావయ్యా?"

"ఇటు రా అమ్మాయ్. చూడు. సిగ్గుండాలి వీళ్ళకి." మూడేళ్ళలో ఆయన నోటినుంచి నేను విన్న అతి పొడవైన మాట అది. అక్కడితో ఆగలేదు. "నోట్లో బుయ్యిమంటోంది గానీ చిగుళ్ళకి ఏమీ తగలట్లేదేంటా అని విప్పాను. వైరు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. చుక్క అదుగో, అక్కడుంది. మధ్యలో గోరంత ఖాళీ. అతకడమే మర్చిపోయారు! జనం నోట్లో పెట్టుకునే వస్తువు! నా దగ్గర పని నేర్చుకునేవాడైతే చెవి మెలిపెట్టి ఉండేవాణ్ణి."

పదకొండో పేజీ అక్షరం అక్షరం గుర్తొచ్చింది. అది మర్చిపోవడం కాదు మావయ్యా, మీకు వచ్చింది ఉత్త తొడుగు, అని అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ ఆయన నా వైపు చూసి మాట్లాడుతున్నారు. గోడ వైపు కాదు, నా వైపు.

"ఎవరికీ చెప్పకు" అన్నారు మళ్ళీ తొడుగు మీదికి వంగుతూ. "ఎవడో పాపం హడావిడిలో చేసుంటాడు. తెలిస్తే ఉద్యోగం పీకేస్తారు. అది పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

నేను టీ పెట్టాను. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

తర్వాతి గురువారం పదిహేను వచ్చింది. నర్సు రెండుసార్లు కూడుకుంది. గొంతులో ఏమీ పలకకూడదన్న నియమం మర్చిపోయి, "పదిహేనే!" అంది. నేను కూడా పొంగిపోయాను. కానీ ఆ రోజే మావయ్య గదిలో మిగతావాళ్ళతో మాటలు కలిపారు. చేతిపని తెలిసిన మనిషికి ఎదుటివాళ్ళ చేతిలో వస్తువు కనిపిస్తే ఊరుకోలేడు కదా. "ఏదీ, మీది ఒకసారి ఇలా ఇవ్వండి" అని ఒక్కొక్కరి తొడుగూ వెలుతురుకి ఎత్తి చూడడం మొదలుపెట్టారు. మరలు ఎక్కడ విప్పాలో తెలిశాక, మంచినీళ్ళు తాగినంతసేపట్లో మూత తీసి, చూసి, మూసేస్తున్నారు. నర్సు తలుపు తీసే చప్పుడైతే అందరూ ఒక్కసారిగా దవడ బొమ్మ వైపు తిరిగేవారు.

మొదట మా ఇంటికొచ్చింది బస్సు డ్రైవరు. ఎడమ చెంపలో పోటు. అటువైపు తల తిప్పితే ప్రాణం పోయినట్టు ఉంటుందని, ఎడమ అద్దం చూడలేక ఐదు నెలలుగా సెలవులో ఉన్నాడు. తొడుగుని చేతిరుమాల్లో చుట్టి జేబులో దాచుకుని వచ్చాడు. "మేస్త్రీగారూ, మీరు చెప్పినట్టే నాది కూడా పనిచెయ్యట్లేదండీ" అన్నాడు రహస్యంగా. మావయ్య ఇరవై నిమిషాల్లో అతికి, అంచులు గరుగ్గా ఉన్నాయని వాటిని కూడా నున్నగా పాలిష్ పట్టి ఇచ్చారు. ఆ మర్నాడు పాటల టీచరమ్మ. దవడ బిగుసుకుపోయి ఆవిడ నోరు రెండు వేళ్ళకన్నా తెరుచుకోదు, పైస్వరాలు మానేసి కింది స్వరాలతోనే ఏడాదిగా నెట్టుకొస్తోంది. ఆ తర్వాత ఇంకో నలుగురు. మా వంటగది చిన్న కార్ఖానా అయిపోయింది. అతకడం అయ్యాక కూడా ఎవరూ లేచేవారు కాదు. టీ తాగేవారు, నొప్పుల సంగతి చెప్పుకునేవారు, నొప్పులు అయిపోతే పిల్లల మీద చాడీలు చెప్పుకునేవారు.

"పద్నాలుగింట్లో ఏడు, అమ్మాయ్!" అన్నారు మావయ్య చివరిది అతికిన రోజు. "సగానికి సగం చెడిపోయిన సరుకు! ఇంత దిక్కుమాలిన ఫ్యాక్టరీ నేనెక్కడా చూడలేదు."

నేను అప్పటికే తోమిన గిన్నెని మళ్ళీ తోముతూ ఉండిపోయాను.

పదిహేను పదకొండయింది, పదకొండు ఏడయింది. మావయ్య కుర్చీ గది వైపు తిరిగింది. ఆ తర్వాత దాని మీద ఉతికిన బట్టలు పడెయ్యడం మొదలుపెట్టాం, ఆయన కూర్చోవడం లేదు కాబట్టి. మా ఆయనతో దెబ్బలాడారు కూడా, పళ్ళు సరిగ్గా తోముకోవట్లేదని. తిట్లు తింటూ మా ఆయన మొహం చేటంత చేసుకున్నాడు. డ్రైవరు ఎడమవైపు తల తిప్పి ఆసుపత్రి గోడ మీది గడియారం చూసి టైము చెబుతున్నాడు. ఒక గురువారం టీచరమ్మ గదిలో కూర్చునే ఒక్కసారిగా పైస్వరం అందుకుంటే, నర్సు చేతిలో కాగితాలన్నీ కింద పడ్డాయి.

నాకు మాత్రం తిండి సయించడం మానేసింది. డాక్టరమ్మ ఎదురుపడితే తల దించుకుని జారుకునేదాన్ని. ఆవిడ ఆరేళ్ళ కష్టం మా వంటగదిలో టంకం పొగలో కలిసిపోతోంది, అది చూస్తున్నది నేనొక్కదాన్నే. చెబితే పద్నాలుగో పేజీ ప్రకారం మావయ్యని తీసేస్తారు. పైగా ఆయన్ని బాగుచేసిన ఆ అతుకు తప్పని తేలుతుంది. అప్పుడు మళ్ళీ కుర్చీ, మళ్ళీ మేకు. నాకు ఆ మేకంటే భయం. మనిషి ఇంట్లోనే ఉండి లేకుండా పోవడం మూడేళ్ళు చూశాను, ఇంకోసారి చూసే ఓపిక నాకు లేదు.

ఎనిమిదో వారం ముందు నోటీసు అంటించారు. వచ్చే గురువారం అందరి తొడుగులూ తీసుకుని, ఇంజనీరు విప్పి, బ్యాటరీలు మారుస్తాడు.

ఆ వారమంతా నిద్ర లేదు. గురువారం అందరికన్నా ముందు వెళ్ళి డాక్టరమ్మ గది తలుపు తట్టాను. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, కంప్యూటరు ముందు కూర్చుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

"మీరా, రండి రండి! చూడండి ఇది" అంది గీతల బొమ్మ చూపిస్తూ. "ఈ పరిశోధన ఇంకా నాలుగు చోట్ల జరుగుతోంది. ఎక్కడా మన గురువారం వాళ్ళంతగా బాగుపడలేదు. పద్నాలుగు మందిలో పన్నెండు మంది! ఎందుకో అర్థంకాక రాత్రి నిద్రే పట్టలేదు."

"నాకు తెలుసండీ ఎందుకో" అన్నాను.

మొత్తం చెప్పాను. స్క్రూడ్రైవరు నాదేనని కూడా చెప్పాను. వింటూ వింటూ ఆవిడ నుదురు బల్లకి ఆనించి అలాగే ఉండిపోయింది. జుట్టులో పెన్ను మాత్రం నిటారుగా నిలబడింది. బల్లతోనే మాట్లాడుతున్నట్టు, "మీకు మొదటి రోజే తెలుసు. ఎందుకు చెప్పలేదు?" అంది.

"ఆయన ఈల వేశారండీ" అన్నాను. అంతకన్నా మంచి జవాబు సిద్ధం చేసుకునే వెళ్ళాను గానీ, నోటికి అదే వచ్చింది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. ఆవిడ తల ఎత్తి, కోపంగానే, నా వైపు నాప్‌కిన్ల డబ్బా తోసింది.

అందరూ వచ్చి తొడుగులు ఇచ్చాక మావయ్యనీ, ఇంజనీరునీ పిలిపించారు. మావయ్య అతికిన ఏడు తొడుగులూ తెల్ల ట్రేలో పెట్టి ఇంజనీరు ఒక్కోటీ విప్పాడు. కుర్రతనం పోని మనిషి, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. మొదటిది చూసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. రెండోది చూసి, "ఎవరు వేశారు సార్ ఈ టంకం? మా దగ్గర ఎవరికీ రాదు ఇంత సన్నగా" అన్నాడు. మావయ్య ముభావంగా తలూపారు గానీ, మీసం కింద పెదవి కదిలింది.

"వైర్లు ఎందుకు అతకలేదు?" అని డాక్టరమ్మ ఇంజనీరుని నిలదీసింది.

అతను నీళ్ళు నమిలాడు. "ఉత్తవే కదా మేడమ్ అని... టైము లేక..."

"అంటే విప్పి చూస్తే ఏది ఉత్తదో ఎవరికైనా తెలిసిపోతుందా?"

"ఎవరు విప్పుతారనుకున్నాం మేడమ్!"

మావయ్య మా మొహాలు ఒక్కొక్కటీ చూశారు. "ఉత్తవేంటి?" అన్నారు.

డాక్టరమ్మ ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, పదకొండో పేజీ మొత్తం మెల్లగా చెప్పింది. ఆయన మొహం ఎర్రబడింది. "అంటే, తెలిసి తెలిసి, పనిచెయ్యని వస్తువు జనం నోట్లో పెట్టారా? నలభై ఏళ్ళలో నేను ఒక్క పన్ను కూడా అలా పంపలేదు."

"అలా పెడితేనే, పనిచేసేది నిజంగా పనిచేస్తోందో లేదో తెలుస్తుందండీ."

"సరే. నేను అతికాను కదా. అప్పట్నుంచి పనిచేసింది కదా."

డాక్టరమ్మ ఇంజనీరు వైపు చూసింది. చివరికి ఇంజనీరే చెప్పాడు. "లేదు సార్. ఉత్త వాటిలో కరెంటు పుట్టించే భాగమే పెట్టలేదు. మీరు కుళాయి బ్రహ్మాండంగా బిగించారు, కానీ వెనక నీళ్ళ ట్యాంకు లేదు."

"మీకు తగ్గింది దీనివల్ల కాదు" అంది డాక్టరమ్మ. "దేనివల్లో నాకు తెలియదు."

మావయ్య లేచి, ట్రేలో ఏడింటినీ ఒకసారి చూసి, బయటికి నడిచారు. ఇంటికొచ్చాక కుర్చీ మీద బట్టలు తీసి పక్కన పెట్టి, దాన్ని గోడ వైపుకి తిప్పుకుని కూర్చున్నారు. నేను టీ తెచ్చాను, చల్లారిపోయింది. ఇంకోటి తెచ్చాను, అదీ చల్లారిపోయింది. కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, "తప్పు నాదే మావయ్యా, ఆ రోజే చెప్పాల్సింది" అన్నాను. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మంలోంచి చూసి, మార్కులెన్నని అడగకుండా లోపలికి వెళ్ళిపోయాడు. అందరికీ మంచి చెయ్యాలని వెళ్ళి ఆయన్ని నా చేతులతో మళ్ళీ ఆ గోడకి అప్పగించానని అనుకున్నాను.

పొద్దున్న లేచేసరికి కుర్చీలో ఎవరూ లేరు. టీ కప్పు కడిగి బోర్లించి ఉంది. చెప్పులు లేవు. నా స్క్రూడ్రైవర్ల సంచి మొత్తం లేదు. మా ఆయన ఒకవైపు, నేను ఒకవైపు వీధుల్లో పడ్డాం. ఏ వైపు వెళ్ళాలో తోచక ఆసుపత్రి బస్సెక్కాను. మెట్లు ఎక్కుతుంటేనే రెండో అంతస్తు చివరి గదిలోంచి అరుపులు వినిపించాయి.

"ఉత్తదైతే మాత్రం? ఉత్తదాన్ని కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి! ఇదేం అతుకు? ఇదేం అంచు? అసలుదానికి నాలుగు మరలు, దీనికి మూడా?"

లోపల ఇంజనీరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ బల్ల మీద కూర్చుని గబగబా రాసుకుంటోంది. మావయ్య కంటికి నా భూతద్దం, చేతిలో నా స్క్రూడ్రైవరు.

"ఇంట్లో చెప్పి రావక్కర్లేదా మావయ్యా!" అని అరిచాను. ఆయన మీద నేను అరవడం అదే మొదలు.

"నిద్రపోతున్నావు కదా అని లేపలేదు" అన్నారు తాపీగా. "రాత్రంతా ఆలోచించానమ్మాయ్. ఏడుగురం ఏమీ లేని తొడుగుతో బాగుపడ్డాం. ఎందుకో ఈ అమ్మకి తెలియదు, నాకూ తెలియదు. తెలియాలంటే ఉత్తది అచ్చం అసలుదానిలాగే ఉండాలి. నాలాంటివాడు విప్పినా పట్టుకోకూడదు. ఈయన చేసినవి ఎవరైనా పట్టేస్తారు. అందుకని వచ్చాను."

దేనివల్ల తగ్గిందో నాకు తెలుసునని ఒక మాట అందామనుకున్నాను. కానీ నాకు తెలిసినదానికి పద్దెనిమిది పేజీలు లేవు, ఊరుకున్నాను.

మా గురువారం లెక్కలన్నీ కొట్టేశారు. జరిగింది జరిగినట్టు డాక్టరమ్మ పైవాళ్ళకి రాసింది, చివాట్లు తింది, కొత్తవాళ్ళతో మొదటినుంచి మొదలుపెట్టడానికి అనుమతి తెచ్చుకుంది. పెళ్ళి మూడోసారి వాయిదా పడింది. మావయ్యకి చివరి గదిలో ఒక బల్ల, ఒక స్టూలు ఇచ్చారు. షరతులు రెండే. రోగులున్న గదిలోకి తొంగిచూడకుండా వెనక మెట్ల మీంచే రావాలి. ఏ తొడుగు ఏదో ప్రాణం పోయినా చెప్పకూడదు. డ్రైవరూ టీచరమ్మా ఇప్పటికీ శుక్రవారం సాయంత్రాలు మా వంటగదికి వస్తారు, అతికించుకోవడానికి ఏమీ లేకపోయినా. గడియారం ఇప్పుడు ఆ మేకుకి వేలాడుతోంది. పనికి ఆలస్యమైతే ఇంజనీరు ముందు పరువు పోతుందట.

మొన్న దుకాణం నుంచి తొందరగా వచ్చి, ఆయన్ని తీసుకెళ్దామని వెనక మెట్లెక్కాను. ఆయన బల్ల కూడా గోడకి ఎదురుగానే ఉంది. కొత్త తొడుగులు రెండు, మూతలు తీసి పక్కపక్కన పెట్టి ఉన్నాయి. భూతద్దం లాక్కుని చూశాను. మరలు చూశాను, వైర్లు చూశాను, అతుకులు చూశాను. పదేళ్ళుగా అద్దాల్లో వెంట్రుకంత గీతలు పట్టుకునే కళ్ళు నావి. వెంట్రుకంత తేడా కనిపించలేదు.

"ఇందులో ఏది ఉత్తది మావయ్యా?"

ఆయన నా వైపు చూసి పెదవులు బిగించారు.

"నేనేమీ రోగిని కాదుగా, నాకు చెప్పండి. ఎవరికీ చెప్పను."

తల అడ్డంగా ఊపారు. బతిమాలాను, బెదిరించాను, స్క్రూడ్రైవర్లు పట్టుకుపోతానన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూడేళ్ళు ఆయన నోరు విప్పకపోతే భయంతో చచ్చాను. ఆ సాయంత్రం మాత్రం ఆయన ఎంతకీ నోరు విప్పకపోతే, నాకు నవ్వు ఆగలేదు.